తెచ్చివ్వకూడని బంతి

మా పెద్దవాడు చెప్పులు విడిచి గడ్డిలోకి పరుగు తీయగానే "ఆగరా" అని అరిచాను. కుప్పం అవతల కొత్తగా పెట్టిన గోల్ఫ్ క్లబ్బులో సభ్యత్వం తీసుకోవాలా వద్దా తేల్చుకుందామని ఆ ఆదివారం పిల్లలిద్దరితో వెళ్లాం. టమోటా వ్యాపారంలో పెద్దవాళ్లంతా అక్కడే కలుస్తారని, తన బేరాలకు పనికొస్తుందని మా ఆయన ఆశ.

మదనపల్లెలో మా ఆదివారాలు కాలేజీ గ్రౌండులో గడుస్తాయి. మా ఆయన చదివిన కాలేజీ జట్టు క్రికెట్ ఆడుతుంటే పిల్లలు బౌండరీ దగ్గర కాచుకుని కూర్చుంటారు. వచ్చిన బంతిని ముందుగా అందుకుని విసిరినవాడే ఆ రోజుకు గొప్ప. క్లబ్బులోనూ ఎవరో కొట్టిన బంతి గడ్డిలో పడగానే తెచ్చిద్దామని వాడు పరుగెత్తాడు. దూరంగా ఇంకొకాయన అప్పటికే కర్ర ఎత్తాడు. ఆయన కొట్టిన బంతి మావాడి చెవి పక్కనుంచే పోయింది.

మా ఆయన వాణ్ణి ఎత్తుకొచ్చాడు. "యాల పోతివిరా ఆడికి?"

"బంతి ఇచ్చేదానికి నాయనా."

తిరుగు దారిలో పుంగనూరులో ఆగాం. అక్కడ టీ తాగుతూ, "నువ్వే చెప్పు, చేరేదా వద్దా?" అన్నాడాయన.

"నేను కూర్చునేది ఆదివారం ఒక్కరోజే. ఆడ మీరు ఆడతా ఉంటే వీళ్లెనక పరిగెత్తేది నేనే గదా" అన్నాను. ఆయన క్లబ్బువాళ్లిచ్చిన దరఖాస్తును నింపకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున ఇడ్లీలు పెడుతూ పిల్లలకు చెప్పాను. "నిన్న పెద్దోడిది తప్పు కాదు నాయనా. ఆ ఆటలో ఎవురి బంతి వాళ్లే ఎతుక్కోవాలంట. వచ్చే ఆదివారం మన కాలేజీ గ్రౌండుకే పోదాం. ఆడ ఎన్నిసార్లయినా ఎత్తియ్యండి."