నేను లోపల, నా నంబరు బయట

నేను చావుకు దగ్గరగా వెళ్ళొచ్చిన రోజున, నా చేతులతో బిగించిన మిషనే నన్ను క్షేమంగా బయటపడ్డవాళ్ళ జాబితాలో వేసింది. ఆ జాబితాను తర్వాత నేనే ప్రింటు తీసి చూసుకున్నాను.

మా నాన్న కోస్తా నుంచి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. నేను పుట్టింది, పెరిగింది, డిప్లొమా చదివింది అంతా పటాన్‌చెరు చుట్టుపక్కలే. ఫ్యాక్టరీలకు ట్యాగులు, రీడర్లు బిగించే ఒక చిన్న కంపెనీలో పనిచేస్తాను. ఆ ఏడాది గడ్డపోతారంలోని ఒక మందుల ఫ్యాక్టరీ పని నాకు అప్పజెప్పారు. అందులో రెండు భాగాలు. మొదటిది, ప్రతి ఉద్యోగి హెల్మెట్ లోపలా ఒక ట్యాగ్ అంటించి, గేట్ల దగ్గరా, ప్రమాదం జరిగితే అందరూ చేరాల్సిన మైదానం దగ్గరా రీడర్లు పెట్టడం. సైరన్ మోగాక ఎవరు బయటికి వచ్చారో, ఎవరు ఇంకా లోపలే ఉన్నారో మైదానంలోని పెద్ద తెర మీద కనబడాలి. రెండోది, గోదాములోని రసాయనాల డ్రమ్ములకు ట్యాగులు పెట్టడం.

నేను రాకముందు మనుషుల లెక్క టైమ్ ఆఫీసులో ఉండే ఆపా చూసేది. యాభై దాటిన మనిషి. భర్తకు పటాన్‌చెరులో కుట్టుమిషన్ దుకాణం. ఆఫీసర్ల దగ్గర నుంచి బీహార్ కూలీల వరకూ అందరూ ఆమెను ఆపా, అంటే అక్కా అనే పిలిచేవాళ్ళు. సైరన్ రిహార్సల్ జరిగినప్పుడల్లా పొడుగాటి హాజరు పుస్తకం చంకలో పెట్టుకుని మైదానానికి వచ్చి, ఒక్కొక్కరి పేరూ పిలిచి, ముఖం చూసి టిక్కు పెట్టేది. నా పని పూర్తయితే ఆ పుస్తకం బీరువాలోకి పోతుందని ఆమెకు తెలుసు. దానికి కోపం పెట్టుకోలేదు. రోజూ నా బల్ల దగ్గరికి వచ్చి ఏదో ఒకటి అడిగేది.

ఒకరోజు హెల్మెట్ ట్యాగును వెలుతురుకు ఎత్తి పట్టుకుని, ఇందులో బ్యాటరీ ఎక్కడుందని అడిగింది. బ్యాటరీ లేదన్నాను. ఆ స్టిక్కర్‌లో కనబడే సన్నటి లోహపు గీతలే యాంటెన్నా. వాటి నడుమ ఆవగింజ కంటే చిన్న చిప్పు. రీడర్ పంపే రేడియో తరంగం ఆ గీతలకు తగలగానే, దాని శక్తితోనే చిప్పు మేల్కొంటుంది. సొంతంగా తరంగం పుట్టించే బలం దానికి లేదు. అందుకని తనకు తగిలిన తరంగాన్నే కాసేపు ఎక్కువగా, కాసేపు తక్కువగా వెనక్కి తిప్పి కొడుతుంది. పిల్లలు అద్దంతో ఎండను గోడ మీదికి కొట్టి ఆడతారే, అలాగన్నమాట. ఆ మినుకుల్లో ఉన్న నంబరును రీడర్ చదువుకుంటుంది.

ఆపా ఆలోచించి, నేను ఊహించని ప్రశ్న వేసింది.

"అందరు ఒక్కపారే ఉరికొస్తరు గదా. అన్ని ఒక్కపారే మాట్లాడితే నీ మిషన్‌కు ఏం సమజైతది?"

ఆ ప్రశ్నకు నిజంగా సంబరపడ్డాను. దానికే ఒక పద్ధతి ఉందని చెప్పాను. రీడర్ ముందుగా, సున్నా నుంచి ఫలానా అంకె వరకు మీకు తోచిన అంకె ఒకటి అనుకోండి అని అన్ని ట్యాగులకూ చెబుతుంది. సున్నా అనుకున్నది మాత్రమే మాట్లాడాలి. ఇద్దరికి సున్నా వస్తే మాటలు కలిసిపోతాయి, వాళ్ళు మళ్ళీ ఇంకో విడతలో ప్రయత్నిస్తారు. ఒక్కరే మాట్లాడితే రీడర్ సరేనంటుంది, అప్పుడా ట్యాగ్ తన పూర్తి నంబరు చెప్పి కాసేపు నోరు మూసుకుంటుంది. తర్వాత మిగిలినవాళ్ళు తలా ఒక అంకె తగ్గించుకుంటారు, ఈసారి ఎవరికి సున్నా వస్తే వాళ్ళ వంతు. ఇదంతా కన్ను మూసి తెరిచేలోగా జరిగిపోతుంది.

"పేరు చెప్తదా?"

"నంబరే చెప్తది ఆపా. ఏ నంబరు ఎవరిదో కంప్యూటర్‌లో రాసి పెడతాం."

"అచ్ఛా," అని తలూపి వెళ్ళిపోయింది. ఆ ప్రశ్నలో ఏముందో అప్పుడు నాకు తట్టలేదు.

మైదానంలో తెర పెట్టాక రిహార్సల్ బాగా జరిగింది. పేర్లు ఒక్కొక్కటే ఎరుపు నుంచి పచ్చకు మారుతుంటే నేను ఆ తెర ముందు నిలబడి పెళ్ళికొడుకులా మురిసిపోయాను. అందరూ చప్పట్లు కొట్టారు. సందర్శకుల కోసం గేటు దగ్గర కొక్కేలకు వేలాడదీసిన తెల్ల హెల్మెట్లకు మాత్రం ఇంకా ట్యాగులు అంటించలేదు. వచ్చే వారం చేద్దామని నేనే వాయిదా వేశాను.

ఆ వచ్చే వారంలోనే అది జరిగింది.

పొద్దున పదకొండు గంటలు కావస్తోంది. డ్రమ్ముల ట్యాగులను రీడర్ సరిగా చదవడం లేదని గోదాము నుంచి ఫిర్యాదు వచ్చింది. కారణం నాకు ముందే అర్థమైంది. ఇనుప డ్రమ్ముకు మామూలు ట్యాగును నేరుగా అంటిస్తే అది మూగబోతుంది. లోహం తరంగాన్ని తిప్పి కొట్టి ట్యాగుకు అందాల్సిన శక్తిని అందనివ్వదు. అడుగున మందపాటి స్పాంజి లాంటి పొర ఉన్న ట్యాగులు వాడాలి. ఎన్ని డ్రమ్ములకు మార్చాలో చూసి రాసుకుందామని బయల్దేరాను. ఆ గోదాములో నిప్పురవ్వ పుడితే అంతే సంగతులు, కాబట్టి ఫోను, చేతి రీడర్ బయటే వదిలి, పెన్సిల్, కాగితం మాత్రం తీసుకున్నాను. నా హెల్మెట్ టైమ్ ఆఫీసు పక్కగదిలో బల్ల మీద ఉంది, కొత్త రీడర్‌ను పరీక్షించడానికి దాన్నే వాడుతున్నాను. ఒక్క పది నిమిషాల పనే కదా అని కొక్కేనికి ఉన్న తెల్ల హెల్మెట్ పెట్టుకుని వెళ్ళాను.

గోదాము తలుపు తీసిన స్టోర్ కీపర్ కాసేపటికి ఎవరో పిలిస్తే బయటికి వెళ్ళాడు. నేను చివరి వరుసలో, డ్రమ్ముల వెనక వంగి రాసుకుంటున్నాను. ఆ గోడకు అవతల డ్రమ్ములు నింపే గది. అక్కడ పైపు జాయింటు ఒకటి ఊడిందని తర్వాత తెలిసింది. ముందు నాకు తెలిసింది వాసన. కొత్తగా రంగు వేసిన ఇంట్లో ఉండేలాంటిది, తియ్యగా, ముక్కు లోపల అంటుకునేలా. గోడ కింది సందులోంచి నేల మీద తడి పాకుతూ వచ్చింది. లేచి నిలబడ్డాను, కళ్ళు తిరిగి డ్రమ్మును పట్టుకున్నాను.

అప్పుడే సైరన్ మోగింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, అప్పుడు నాకు వచ్చిన మొదటి ఆలోచన, ఇవాళ మన సిస్టమ్ నిజంగా పనిచేస్తుంది అని. తలుపు వైపు నాలుగు అడుగులు వేశాననుకుంటాను. నేల మీద కూర్చున్నాను. సైరన్ ఎక్కడో ఊరవతల మోగుతున్నట్టు వినబడింది. ఎందుకో మా పాప బడి బస్సు వచ్చే వేళయిందని, లేవాలని అనుకోవడం గుర్తుంది. ఆ తర్వాత ఏమీ లేదు.

బయట జరిగింది నాకు తర్వాత చెప్పారు. నాతో పనిచేసే ఒరిస్సా టెక్నీషియన్ టైమ్ ఆఫీసు పక్కగదిలో ఉన్నాడు. మంచివాడు. సైరన్ వినగానే నా ల్యాప్‌టాప్, నా హెల్మెట్ తీసుకుని పరుగెత్తాడు. నేను ముందే మైదానానికి వెళ్ళి ఉంటాననీ, హెల్మెట్ లేదని సేఫ్టీ ఆఫీసర్ నన్ను తిడతాడనీ అనుకున్నాడట. మైదానం అంచున ఉన్న రీడర్ ఆ హెల్మెట్‌ను అడిగింది. అది తన నంబరు చెప్పింది. తెర మీద నా పేరు పచ్చబడింది. అది చూసి స్టోర్ కీపర్ కూడా నేను బయటికి వచ్చేశాననుకున్నాడట. చివరి మనిషి కూడా వచ్చాక, లోపల ఉన్నవారు సున్నా అని తెర చూపింది.

సేఫ్టీ ఆఫీసర్ ఊపిరి పీల్చుకున్నాడు. గోదాము షట్టర్ దించి, మంటలు అంటుకోకుండా లోపల నురుగు నింపమని ఫైర్ సిబ్బందికి వైర్‌లెస్‌లో చెప్పాడు. మనుషులు లేరని తేలితే చేయవలసింది అదే. అతను నియమం ప్రకారమే చేశాడు.

ఆపా అప్పుడు గుంపును తోసుకుంటూ అతని దగ్గరికి వచ్చిందట.

"షట్టర్ దించకుండ్రి సార్. లోపల మనిషున్నడు."

సిస్టమ్‌లో జీరో చూపిస్తోందని అతను తెర వైపు చెయ్యి చూపించాడు.

"జీరో చూపిస్తే చూపియ్యనీ. ఆ ట్యాగుల పిలగాడు యాడున్నడో నాకు చూపియ్యి. తెర మీద పేర్లు పచ్చగైతుంటే దాని ముందల నిలవడకుండ ఉంటడా? వాడు ఈడ లేడు."

నా పేరు బిగ్గరగా పిలిచారు. పలికినవాళ్ళు లేరు. ఒరిస్సా టెక్నీషియన్ చేతిలోని హెల్మెట్ చూసుకుని అక్కడే కూలబడి ఏడ్చాడట. గోదాములోకి వెళ్ళేవాళ్ళు టైమ్ ఆఫీసులో సంతకం చేసే పర్మిట్ పుస్తకంలో పొద్దున నేను పెట్టిన సంతకం ఆపాకు గుర్తొచ్చింది. గాలి సిలిండర్లు తగిలించుకుని ఇద్దరు లోపలికి వెళ్ళారు. అప్పటికి షట్టర్ సగం దిగి ఉంది.

నాకు తెలివి వచ్చేసరికి సంగారెడ్డి ఆసుపత్రిలో ఉన్నాను. ముక్కుకు ఆక్సిజన్, మంచం పక్కన నా భార్య. ఆమె నా చెయ్యి పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే నొక్కి చూస్తూ కూర్చుంది. మూడో రోజు ఇంటికి పంపారు.

రెండు వారాల తర్వాత ఫ్యాక్టరీకి వెళ్ళి ఆ రోజు రికార్డు తీశాను. అప్పటిదాకా విన్నదంతా ఎవరికో జరిగినట్టే ఉండేది. కాగితం మీద నా పేరు, దాని పక్కన నంబరు, నిమిషాలు సెకన్లతో సహా సమయం, ఆ పక్కన 'సురక్షితం'. ఒక్కసారి కాదు. హెల్మెట్ రీడర్ ఎదురుగానే ఉండటంతో అది మళ్ళీ మళ్ళీ చదివింది. సురక్షితం, సురక్షితం, సురక్షితం అని పేజీ నిండా. ఆ ప్రతి వరుసలోని సెకనులోనూ నేను సిమెంటు నేల మీద బోర్లా పడి ఉన్నాను. చదివిన ప్రతి నంబరూ సరైనదే. ఒక్క తప్పు కూడా లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మా కంపెనీ యజమాని నివేదికలో, వినియోగదారుడు తన హెల్మెట్ ధరించకపోవడం వల్ల అని రాయమన్నాడు. అది అబద్ధం కాదు. కానీ వినియోగదారుణ్ణి నేనే, మిషన్ బిగించినవాణ్ణీ నేనే, తెల్ల హెల్మెట్లకు ట్యాగులు వాయిదా వేసినవాణ్ణీ నేనే. ఆ మూడూ రాశాను. ట్యాగ్ తాను అక్కడ ఉన్నానని మాత్రమే చెబుతుందనీ, మనిషి ఉన్నాడని చెప్పదనీ, తెర సున్నా చూపించినా పేరు పిలిచి ముఖం చూడనిదే షట్టర్ దించకూడదనీ రాశాను. యజమాని వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఫ్యాక్టరీ వాళ్ళు మాత్రం ఒప్పుకున్నారు. పుస్తకం బీరువాలోకి పోలేదు.

ఒక ఆదివారం నా భార్యా, పాపా, నేనూ పటాన్‌చెరులో ఆపా ఇంటికి వెళ్ళాం. కృతజ్ఞతలు చెప్పుకుందామని మాటలు కూడబలుక్కుని వెళ్ళాను. ఆమె నన్ను చెప్పనివ్వలేదు. చాయ్, ఉస్మానియా బిస్కెట్లు పెట్టింది. మా పాపకు ఆమె భర్త రంగు రంగుల గుడ్డ పీలికలు ఇచ్చి ఆడించాడు. చాలాసేపటికి, ఖాళీ కప్పులు తీస్తూ తీస్తూ ఆగి, నా ముఖం చూడకుండా అంది.

"నీకొక మాట చెప్పాలె బేటా. నేను గూడ మొదలు తెరనే నమ్మిన. పుస్తకం తెరవనే తెరవలే. అందరు పచ్చగైన్రు, ఇగ ఏముందని క్యాంటీన్ దిక్కు నడిసిన. నడుసుకుంట ఎందుకో ఎనకకు తిరిగి సూసిన. తెర ముందల నువ్వు లేవు."

ఎంత దూరం నడిచావని అడిగాను. ఎందుకు అడిగానో నాకే తెలియదు.

"తెల్వదు. జెర దూరం. రోజు అదే యాది జేసుకుంట."

నా భార్య లేచి ఆమె చేతిలోని కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. ఆపా కొంగుతో ముఖం తుడుచుకుని, ఇంకో చాయ్ తాగుతారా అని అడిగింది. తాగుతామన్నాను.