గురువారం పదకొండు గంటలకు

మా కౌన్సెలింగ్ మేడమ్ సోమవారం ఉదయం పోయారు. గుండె ఆగిందని వాళ్ళ చెల్లెలు ఫోన్ చేసి చెప్పారు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. గురువారం పదకొండింటికి కొవ్వూరు నుంచి వచ్చే ఆవిడ గుర్తొచ్చింది. ఆవిడకు సొంత ఫోన్ లేదు, ఇంట్లో చెప్పకుండా వస్తుంది. ఆవిడకు ఆ కబురు నేనే చెప్పాలి. ఇక్కడ ఆవిడ వివరాలు కొన్ని మార్చి రాస్తున్నాను.

రాజమహేంద్రవరంలో మా ఆసుపత్రి మెట్ల పక్కన మేడమ్ గది. మధ్యలో బల్ల ఉండనిచ్చేవారు కాదు. రెండు కుర్చీలనూ కాస్త ఏటవాలుగా వేసేవారు, ఎదుటివాళ్ళు చూపు తప్పించుకోవాలంటే వీలుగా. సలహాలు ఇచ్చేవారు కాదు. విన్నది తన మాటల్లో తిరిగి చెప్పి, సరిగ్గా అర్థమైందా అని అడిగేవారు. కాదంటే సంతోషించేవారు, ఇంకొంచెం దగ్గరికి వెళ్ళొచ్చని. తలూపడానికి కూడా అంత చదువు కావాలంటండీ అని ఆయా ఎగతాళి చేస్తే, అందరికన్నా ఎక్కువ మేడమే నవ్వేవారు.

ఆమె దగ్గర శిక్షణకు చేరినప్పుడు నాకు కాన్వెంటు అలవాటు పోలేదు. ప్రశ్న వినబడితే జవాబు చెప్పెయ్యాలి. మేడమ్ సెలవు పెట్టిన ఒక గురువారం ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. కొవ్వూరు ఆవిడ వచ్చింది. కూతురు జ్వరంతో పోయి అప్పటికి ఏడాది. పాప గౌన్లు ఇంకా వారం వారం ఉతికి ఆరేస్తున్నానని చెప్పింది. కాలమే మాన్పుతుందండి, ధైర్యంగా ఉండాలి అన్నాను. ఆవిడ వెంటనే నవ్వింది.

"పర్లేదండి. మీకు శ్రమిచ్చాను," అని పది నిమిషాలకే లేచింది.

నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది. మర్నాడు చెబితే మేడమ్ ముఖం మారిపోయింది.

"మన వైపు వాళ్ళు ఉన్నట్టుండి మర్యాదగా మాట్లాడారంటే భయపడాలమ్మా. తలుపేసేశారన్నమాట."

కొవ్వూరు ఆవిడ ఆ తర్వాత మూడు గురువారాలు రాలేదు. ఆ మూడు రోజులూ పదకొండు నుంచి పన్నెండు దాకా మేడమ్ ఖాళీ కుర్చీ ఎదుట కూర్చున్నారు. ఆ గంట ఇంకెవరికీ ఇవ్వలేదు. నేను బయట బెంచీ మీద పేపర్లో కొవ్వూరు వార్తలు వెతికేదాన్ని, ఒక పేరు కనబడకూడదని. నాలుగో గురువారం ఆవిడ వచ్చింది. లోపల ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. "ఆవిడ ఎక్కడుందో అక్కడికి నువ్వెళ్ళు. నువ్వున్న చోటికి ఆవిణ్ణి లాక్కురాకు," అన్నారు మేడమ్ ఆ సాయంత్రం.

ఈ గురువారం పొద్దుట్నుంచీ వాన. ఆవిడ సరిగ్గా పదకొండింటికి వచ్చి, కుర్చీలో నన్ను చూసి గుమ్మంలోనే ఆగింది.

"మేడమ్‌గారు సోమవారం పోయారండి," అన్నాను.

ఆవిడ రెండో కుర్చీ వైపు చూసింది.

"అయితే ఇంక మా పాప సంగతి తెలిసినవాళ్ళు ఎవరూ లేరు."

నాలుక చివరిదాకా ఓదార్పు వచ్చింది. మింగేశాను.

"పాప మళ్ళీ పోయినట్టుందాండి?"

ఆవిడ అప్పుడు నా ముఖంలోకి చూసింది. "మీకు భయంగా ఉంది," అంది.

"ఉందండి."

మేడమ్ నేర్పినట్టు సూటిగానే అడిగాను, చచ్చిపోవాలనిపిస్తోందా అని. అవుననలేదు, కాదనలేదు. డాక్టరుగారిని కూడా పిలిపిస్తానంటే తలూపింది. ఆయాను పైకి పంపాను. ఆవిడ వచ్చి కూర్చుంది, చేతిలో గొడుగు తెరిచే ఉంది. దాని అంచు నుంచి మా ఇద్దరి పాదాల మధ్య చుక్కలు పడుతున్నాయి. ముయ్యమని నేను అనలేదు. కుర్చీ ముందుకు జరుపుకున్నాను. గొడుగు నీడ నా మోకాళ్ళ మీదికి వచ్చింది.