ఆదివారం చూసిన బడి

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, చెన్నై మైలాపూరులో నా ఆడిటరు ఆఫీసు మూసేయడానికి కొంచెం ముందు, రఘు నాకొక పని అప్పగించాడు. సౌకార్‌పేటలో వాళ్ల నాన్న పప్పుల దుకాణానికి మొదటినుంచీ నేనే ఆడిటర్ని. రఘు షోళింగనల్లూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అక్కడి ఫ్లాటు అమ్మేసి, భార్య సుధతో, కూతురు హారికతో తిరుత్తణి అవతల ఒక పల్లెకు మారిపోవాలని అతని ఆలోచన. పన్నుల సంగతి చూడడం నా వంతు.

అది తొందరగానే తేలింది. ఫ్లాటు అమ్మితే వచ్చే లాభంతో గడువులోగా మరో ఇల్లు కొంటే ఆ మేరకు మినహాయింపు దొరుకుతుంది. పంచాయతీలో ఇంటిపన్నూ తక్కువే. అయితే పల్లెలో కూర్చుని పనిచేస్తే జీతం మీద కూడా పన్ను ఉండదని అతనికెవరో చెప్పారట. వంకాయలు పండిస్తే ఆ ఆదాయానికి పన్ను లేదు గానీ, వంకాయ తోట పక్కన కంప్యూటరు పెట్టుకున్నంత మాత్రాన జీతం వంకాయ అయిపోదని చెప్పాను. సుధ నవ్వింది, అతను నవ్వలేదు.

"పన్ను కడితే కడతాంలే ఆంటీ. ఆడ ఇంటి ముందర కొండ చూస్తే మీకే ఈడికి రాబుద్ధి కాదు," అన్నాడు.

"కొండ సరేనప్పా, మరి బడి?"

"చూసేసినాం ఆంటీ. రెండంతస్తులు. గదులు శుభ్రంగా ఉండాయి. వారంలో లీవు దొరకదు కదా, ఆదివారం పోయి చూసినాం."

నాకు చిర్రెత్తుకొచ్చింది. దుకాణంలో సరుకు తనిఖీకి వెళ్లినప్పుడు, పేర్చిన బస్తాలు చూసి సంతకం పెట్టేవాడు ఆడిటరే కాదు. కొన్నయినా విప్పించి చూడాలి. హారిక ఆరో తరగతిలోకి రావలసిన పిల్ల. దాని చదువు ఒక ఏడు పాడైతే ఏ సెక్షను కిందా వెనక్కి రాదు. ఇంటికి అడ్వాన్సు ఇచ్చేలోగా పనిరోజున చూడాల్సిందేనని పట్టుబట్టి, సోమవారం నేనూ వాళ్ల కారెక్కాను.

కింది అంతస్తు పిల్లలతో గోలగోలగా ఉంది. పైన ఎవరూ లేరు. బడి ఐదో తరగతి వరకే. పై గదులు ముందుచూపుతో కట్టినవి. ఆదివారం అన్ని గదులూ ఖాళీయే కాబట్టి ఏది తరగతో, ఏది ఉత్త గదో వీళ్లకు తెలియలేదు. హెడ్‌మిస్ట్రెస్ దాచిందేమీ లేదు, వీళ్లే ఎవరినీ అడగలేదు. రఘు మొహం చూస్తే నాకే జాలేసింది.

ఆమె సొంత పిల్లలు పక్క పంచాయతీలో హైస్కూలుకు వెళ్తారట. అప్పటికప్పుడే అక్కడికి వెళ్లాం. సైన్సు పాఠం జరుగుతోంది. కిటికీ దగ్గర నిలబడ్డ హారికను చూసి లోపల ఒక అమ్మాయి బెంచీ మీద కాస్త జరిగింది. టీచరు రమ్మనగానే మా పిల్ల ఎవరినీ అడక్కుండా వెళ్లి కూర్చుంది. గంట కొట్టేదాకా బయటికి రాలేదు. సుధ కళ్లు తుడుచుకుంది. నాకూ ప్రాణం లేచొచ్చింది.

ఆ ఊళ్లో అమ్మకానికి ఉన్న ఇంటి వెనక రైసుమిల్లు గోడ తప్ప చూడడానికేమీ లేదు. తిరుగు దారిలో కొండ కనబడగానే రఘు కారు నెమ్మది చేశాడు.

"కొండ ఏడికీ పోదు నాన్నా. లీవుల్లో పోయి చూద్దాం," అంది హారిక.

రైసుమిల్లు గోడ ఉన్న ఆ ఇల్లే కొన్నారు. దాని మినహాయింపు కాగితాలే నేను ఆఫీసులో చేసిన ఆఖరి పని. ఊరు మారతామని సలహాకొచ్చేవాళ్లకు ఇప్పుడు నేను చెప్పేది ఇంతే. పన్నుల సంగతి నాలాంటివాళ్లు కూర్చున్న చోటే చెప్పేస్తారు. కొండను ఏ ఆదివారమైనా చూడవచ్చు. బడిని మాత్రం పిల్లలున్నప్పుడే చూడాలి.