టోపీలు తీసే గది

దీప సోమవారం నాచారంలో తను పనిచేసే మందుల ఫ్యాక్టరీకి గుండుతో వెళ్లింది. గుండె ఆపరేషనైన వాళ్లమ్మ తన కాళ్లతో నడిచి ఇంటికొస్తే తలనీలాలిస్తానని యాదగిరిగుట్టకు మొక్కుకుంది. అమ్మ నడిచింది. ఆదివారమే దీప మొక్కు చెల్లించింది. గురువారం కొనుగోలుదార్లు వస్తున్నారు, దీప, అభినవ్‌లలో వాళ్లను ఒప్పించినవాళ్లకే ప్లాంట్ హెడ్ పదవి. ఆ సంగతి తెలిసీ మొక్కు వాయిదా వెయ్యలేదు.

ప్యాకింగ్ లైన్లో వెంకటనర్సమ్మ చూడగానే అడిగింది. "ఏ దేవునికిచ్చినవ్ మేడమ్?"

"గుట్టకు."

"మంచిగైంది. తల కొత్త కుండలెక్క ఉన్నది, సూడు!"

లైనంతా నవ్వింది. దీప కూడా.

పై అంతస్తులో ఎవరూ నవ్వలేదు. ఎవరో టేబుల్ మీద దానిమ్మపళ్లు పెట్టి వెళ్లారు. మధ్యాహ్నం డైరెక్టర్ జనార్ధనరావు పిలిచి, గొంతు తగ్గించారు.

"గురువారం అభినవ్ మాట్లాడతాడమ్మా. మీరు విశ్రాంతి తీసుకోండి."

"నాకేం క్యాన్సర్ లేదు సార్. మొక్కు."

"ధైర్యంగా ఉన్నారు. అలాగే ఉండాలి."

ఆ మూడు రోజులూ ఉప్పల్ ఇంట్లో ఆమె కుదురుగా కూర్చున్నది లేదు. భర్త నరేందర్ విగ్గు తెచ్చాడు.

"జర నాలుగ్గంటలు పెట్టుకోరాదు, ఏమైతది?"

పెట్టుకుంది, తీసింది, మళ్లీ పెట్టుకుంది. "ఇది పెట్టుకుంటే రోగమున్నదని నేనే ఒప్పుకున్నట్టు గాదా?" అని డబ్బాలో పడేసింది.

గురువారం సమావేశానికి ఆమెను పిలవలేదు. కానీ మిషన్లు చూపించడం ఆమెకే వచ్చు గనక, దానికి పిలిచారు. లోపలికెళ్లే ముందు, మందుల్లో వెంట్రుకలు పడకుండా అందరూ తలకు టోపీలు పెట్టుకోవాలి. గంటసేపు అక్కడ అందరి తలలూ ఒక్కటే. ప్రశ్నలన్నీ ఆమెనే అడిగారు.

బయటి గదిలో టోపీలు తీసెయ్యాలి. దీప చెయ్యి అంచు దగ్గర ఒక్క క్షణం ఆగింది. తీసింది.

కొనుగోలుదార్ల పెద్దాయన చూపు ఆమె తలమీదికి పోయింది. సగం అడిగిన ప్రశ్నను అభినవ్ వైపు తిప్పాడు. అభినవ్‌కు జవాబు తెలియదు. దీపే చెప్పింది. ఆయన తలెత్తకుండా రాసుకున్నాడు. తర్వాతి ప్రశ్న మళ్లీ ఆమెనే అడిగాడు.

ఆర్డర్ వచ్చింది. సందేహాలుంటే దీపతోనే మాట్లాడతామని రాశారు. పదవి సంగతి "మీరు పూర్తిగా కోలుకున్నాక చూద్దాం" అన్నారు జనార్ధనరావు.

ఇప్పుడు జుట్టు అంగుళం పెరిగింది. రోజూ పొద్దున అద్దం ముందు వేలితో కొలుచుకుంటుంది, కొలిచినందుకు తనమీద తనే మండిపడుతుంది.

"వెంట్రుకలు సూసి ఇచ్చే కుర్సీ నాకెందుకనిపిస్తది. మల్ల, పదకొండేండ్లు పనిజేసిన గదా, ఎందుకిడవాలనిపిస్తది" అంటుంది నరేందర్‌తో, చెయ్యి తలమీదికి పోతుండగా.