మాస్టారి ఎడమకాలు

మా డాన్సు మాస్టారు పోయి అప్పటికి నెలైంది. బిలాస్‌పూర్ స్టేషన్ వెయిటింగ్ రూములో కూర్చుని, ఆయన కూర్చిన అడుగులు బెంచీ కిందే నెమ్మదిగా వేసుకుంటున్నాను.

ఎదురుగా కూర్చున్న మామ్మ వంగి చూసింది.

"ఏటమ్మా, ఎడంకాలు ఈడుస్తున్నావు? దెబ్బేటైనా తగిలిందా?"

"లేదండీ," అన్నాక నాకు తెలిసింది. ఎప్పుడో కాలు విరిగిన మాస్టారు అలాగే ఈడ్చేవారు. అడుగులతో పాటు ఆయన కుంటడం కూడా నేర్చేసుకున్నాను.

"మా మాస్టారిదండీ. ఆయన లేరిప్పుడు," అన్నాను.

"అచ్ఛా... అయితే ఉండనీ తల్లీ. దిద్దుకోకు," అంది.

తర్వాత మా డాన్సు క్లాసుకి వచ్చిన కొత్త మాస్టారు ఆ ఈడ్వడం దిద్దేశారు. అందరూ బాగుందన్నారు. నిన్న గది తలుపు వేసుకుని పాతలాగే వేయబోయాను. ఎన్నిసార్లు వేసినా కాలు తిన్నగానే పడింది.