అరచేతిలో ఇంజిన్

పుప్పాలగూడలో గడ్డికోత మిషన్లు బాగుచేసే పోచయ్య, స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని రోగం చెప్పేవాడు. నిరుడు చెవులు పూర్తిగా పోయాయి. అపార్టుమెంట్ల తోటమాలులు రావడం మానేశారు. అయినా పాత మిషన్ల సిలిండర్లు రెండు కలిపి, బరువైన ఇనుప చక్రం బిగించి, సొంతంగా ఒక ఇంజిన్ కడుతూనే ఉన్నాడు.

ఆదివారం పొద్దున అది మొదటిసారి స్టార్టయింది. గుండె కొట్టుకున్నంత నెమ్మదిగా తిరుగుతోంది. పోచయ్య అలవాటుగా స్క్రూడ్రైవర్ పిడిని చెవికి పెట్టుకుని, కాసేపటికి దించేశాడు. భార్య కనకలక్ష్మిని పిలిచి ఆమె చెవికి ఆనించాడు.

“రెండు సిలిండర్లు సమంగ కొడుతున్నయా? జర ఇని చెప్పు.”

“ఇన్నేండ్లు చప్పుడు తక్కువ జెయ్యమంటే ఇన్నవా?” అనేసి, ఆయనకు వినపడదని గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. ఆయన అరచెయ్యి పట్టుకుని, ఇంజిన్ కొట్టినట్టే వేలితో కొట్టింది. ఒక దెబ్బ గట్టిగా, ఒకటి మెత్తగా. ఆయన రెండో చేత్తో పెట్రోలు సర్దే స్క్రూ కొద్దికొద్దిగా తిప్పాడు. దెబ్బలు సమమయ్యాయి. స్క్రూ వదిలేసి, వెనకటిలాగే కళ్లు మూసుకుని నవ్వాడు.

ఇంతలో పెట్రోలు అయిపోయి ఇంజిన్ ఆగింది. కనకలక్ష్మి వేలు మాత్రం ఆగలేదు.