కోటగోడ తేనెతుట్టె మీద నేను విసిరిన రాయి

మీసాలు వచ్చినా బుద్ధి రాని వయసు మాది... కరీంనగర్‌లో డిగ్రీ రెండో ఏడాది. చలికాలం పొద్దున, సద్ది గిన్నెలు చేత పట్టుకుని ముప్పై మందిమి జన్నారం అవతల అడవిలో ఉన్న ఓ పార్కు ముందు బస్సు దిగాం.

మా చరిత్ర లెక్చరర్ నర్సయ్య సార్ ఏడాదికి రెండుసార్లు ఇలా బయటికి తీసుకెళ్లేవారు. గదిలో కూర్చుని చదివితే చరిత్ర సగమే తలకెక్కుతుందని ఆయన నమ్మకం.

"గిది నల్లమద్ది. బెరడు జూడుండ్రి... మొసలి తోలు లెక్క లేదా?" అంటూ మా చేతులు పట్టుకుని చెట్టుకు ఆనించేవారు. చెట్ల పేర్లన్నీ వాళ్ల అవ్వ దగ్గర నేర్చుకున్నారట.

పార్కు చివర సగం కూలిన కోటగోడ ఒకటి ఉంది. గోండు రాజుల కాలం నాటిదంటారు. దాని పక్కన రాలిన కాయ ఒకటి తీసి సార్ నా చేతిలో పెట్టారు.

"గిదేం కాయరా?"

మాది చొప్పదండి పక్కన పల్లె, వ్యవసాయం ఇల్లు. తెలిసి ఉండాల్సింది. నోటికొచ్చింది చెప్పేశాను. "జాజికాయ సార్."

అందరూ గొల్లున నవ్వారు. సరిత మాత్రం నవ్వలేదు. వాళ్లది గోదావరిఖని, నాన్న బొగ్గుబాయిలో కార్మికుడు. "కరక్కాయ సార్... మా బాపు దగ్గుకుంట ఇంటికొస్తే మా అవ్వ గిదే నూరి ఇస్తది" అంది మెల్లగా.

"శాబాష్ బిడ్డా! గీ కరక్కాయ నీళ్లు, బెల్లం సున్నంల కలిపి గీ గోడ కట్టిండ్రు. గా చెట్టు లేకుంటే గీ కోట లేదు" అన్నారు సార్. తర్వాత గోడ పైకి చూపించారు. "పైన తేనెతుట్టెలున్నయి. జర మెల్లగ మాట్లాడుండ్రి. రాయి గీయి ఇసరకుండ్రి."

నాకు ఆ మాటలు వినపడ్డాయి. కానీ నవ్వులు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి... అమ్మాయిల ముందు పరువు పోయిందని ఒకటే ఉడుకు. అందరూ ముందుకు కదిలాక నేను వెనకబడ్డాను. ఒక్క దెబ్బకు తేనె కారిస్తే అందరూ నా చుట్టూ చేరతారనిపించింది.

గురి చూసి రాయి విసిరాను. తగిలింది.

తేనె కారలేదు... ముందు ఒక హోరు. ఆ తర్వాత తల మీద నల్లటి మబ్బు.

"ఉరుకుండ్రి! బస్సు తానకు ఉరుకుండ్రి!" అని సార్ కేక. అందరికంటే ముందు బస్సెక్కింది నేనే.

అద్దంలోంచి చూశాను. సరిత పార్కు గేటు మెట్ల మీద జారి పడిపోయింది. సార్ వెనక్కి పరుగెత్తారు. అన్నాల దగ్గర పరుద్దామని తెచ్చిన చద్దరు ఆమె మీద కప్పి, పైన తాను వంగి నిలబడ్డారు. ఆయన మీద కప్పడానికి ఏమీ లేదు... ఎవరమూ దిగలేదు కూడా.

సార్ ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ప్రాణానికి ముప్పు తప్పింది కానీ కుడికన్ను చూపు మసకబారింది. శాసనాల మీద అరిగిపోయిన అక్షరాలను వేలితో తడుముతూ చదివి చెప్పే మనిషి ఆయన...

ప్రిన్సిపల్ మమ్మల్నందరినీ నిలబెట్టి అడిగారు. "రాయి ఎవరన్న ఇసిరిండ్రా?"

నేను తల దించుకున్నాను. కంటికి కట్టుతో పక్కనే కూర్చున్న సార్ లేచారు. "పోరగాండ్లను ఏమనకుండ్రి సార్. తప్పు నాదే."

నన్ను కాపాడుతున్నారనుకున్నాను. సిగ్గులేకుండా ఊపిరి పీల్చుకున్నాను.

ఆ తర్వాత ఆ కాలేజీ నుంచి అలాంటి బస్సు మళ్లీ కదలలేదు.

పాతికేళ్లు గడిచాయి. పోయిన నెల మా డిగ్రీ దోస్తుల వాట్సాప్ గ్రూపులో సరిత రాసింది... సార్ మంథనిలో ఉన్నారు, ఒంట్లో బాగుండడం లేదు, ఎవరైనా చూసి రండి అని. రెండు రోజులు ఆ మెసేజ్‌నే మళ్లీ మళ్లీ చదివాను. ఆదివారం మంథని బస్సెక్కాను.

సార్ నన్ను గొంతుతో గుర్తుపట్టారు. మంచినీళ్లు ఇప్పించారు. గ్లాసు కింద పెట్టకముందే చెప్పేశాను. "సార్... గా రోజు తుట్టె మీద రాయి ఇసిరింది నేనే."

సార్ నా వైపు ముఖం తిప్పారు.

"నిజంగనారా?"

"అవును సార్."

"మిమ్ములను అన్నానికి పిలుద్దామని అప్పుడే నేను చప్పట్లు కొట్టిన... గా సప్పుడుకే లేసినయనుకున్న. మీకు మెల్లగ ఉండుమని చెప్పి, నేనే లొల్లి చేస్తినని..." అన్నారు. "కొత్త ప్రిన్సిపల్ రెండుసార్లు అడిగిండు, పిల్లలను తీస్కపొమ్మని. నాకు ధైర్యం రాలే. రిటైరయ్యేదాక రాలే."

నేను ఆయన కాళ్ల దగ్గర కూర్చుండిపోయాను.

"కన్నుదేముంది గనీ..." అన్నారు. "నువ్వు గప్పుడే చెప్తే నేను మళ్ల పోతుంటిగదరా."

తిట్టలేదు. తిడితే బాగుండేది. అన్నం తిని పొమ్మన్నారు... తిన్నాను.

ఇప్పుడు మా అమ్మాయి కాలేజీ వాళ్లూ పిల్లల్ని పార్కుకు తీసుకెళ్తున్నారు... నీళ్లలో జారే ఆటల పార్కుకు. పొద్దుగూకేదాకా ఆడుకుని, ఫోన్ల నిండా ఫొటోలతో వస్తారు. సంతోషమే. దారి పొడవునా ఎన్ని చెట్లు దాటి వెళ్లారో చెప్పే మనిషి మాత్రం ఆ బస్సులో ఉండరు.

మిమ్మల్నీ అలా చేయి పట్టి తిప్పిన సార్లు, మేడమ్‌లు ఉంటే ఇక్కడ రాయండి, చదువుతాను. వాళ్లతో చెప్పకుండా దాచినది ఏదైనా ఉంటే మాత్రం ఇక్కడ రాయకండి... ముందు వాళ్ల ఇంటికి వెళ్లండి.